నాన్న లివర్‌లో మూడు మచ్చలు: కీహోలా, పెద్ద కోతా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. పోయినేడాది పెద్దపేగులో క్యాన్సర్ అని తేలితే పొట్ట తెరిచి ఆపరేషన్ చేశారు, తర్వాత ఆర్నెల్లు కీమో ఇచ్చారు. అరికాళ్లలో తిమ్మిరి తప్ప బాగానే కోలుకున్నారని అనుకుంటుండగా, మొన్న చెకప్‌లో సీఈఏ (ఈ క్యాన్సర్ ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్) పెరిగిందన్నారు. సీటీ స్కాన్ తీస్తే లివర్‌లో మూడు మచ్చలున్నాయి, పెద్దది 3 సెంటీమీటర్లు. ఊపిరితిత్తుల్లో ఏమీ లేదట. ఒక సర్జన్ కీహోల్‌లో తీసేద్దాం అంటున్నారు. ఇంకొకరేమో పొట్ట తెరిచే చేయాలి, చిన్న రంధ్రాల్లోంచి చేస్తే ఏదైనా మిగిలిపోవచ్చు అంటున్నారు. మా పెదనాన్న మాత్రం నాలుగో స్టేజీలో కత్తి తగిలితే ఇంకా పాకుతుంది, వదిలేయండి అంటున్నారు. నాన్నగారికి లివర్‌లో చిన్న ఇన్‌ఫెక్షన్ అని మాత్రమే చెప్పాం. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగింది కీహోలా, పెద్ద కోతా అని. దానికి జవాబు చెబుతాను. కానీ మీ ఇంట్లో అడుగు ముందుకు పడనివ్వనిది పెదనాన్నగారి మాటేనని నాకనిపిస్తోంది, అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

నాలుగో స్టేజీ అనగానే ఆపరేషన్ ఎందుకు అనడం చాలా క్యాన్సర్ల విషయంలో తప్పు మాట కాదు. పెద్దవాళ్లు చూసిన అనుభవంతోనే అలా అంటారు. పెద్దపేగు క్యాన్సర్ లివర్‌కి మాత్రమే చేరినప్పుడు లెక్క వేరు. పేగుల నుంచి వచ్చే రక్తం దాదాపు అంతా పోర్టల్ సిర అనే ఒకే పెద్ద సిరలో ముందు లివర్‌కి వెళ్తుంది, అక్కడ వడపోత అయ్యాకే గుండెకి చేరుతుంది. పేగులోని గడ్డ నుంచి విడిపోయిన కణాలు ఆ రక్తంలో కొట్టుకొచ్చి లివర్‌లో చిక్కుకుంటాయి, కొంతమందిలో అక్కడే ఆగిపోతాయి కూడా. అలా ఆగిపోయినవాళ్లలో లివర్‌లో ఉన్నదంతా తీసేయగలిగితే జబ్బు మొత్తం తీసేసినట్టే అయ్యే అవకాశం ఉంది. ఇలా పూర్తిగా తీసేసిన వాళ్లలో నూటికి 40 నుంచి 50 మంది ఐదేళ్ల తర్వాత కూడా బతికి ఉంటున్నారు, ఐదారుగురిలో ఒకరికి పదేళ్లు దాటినా జబ్బు తిరిగి రావట్లేదు. కీమో ఒక్కటే ఇస్తూ పోతే అంత దూరం వెళ్లేవాళ్లు చాలా తక్కువ మంది. మూడే మచ్చలు, పెద్దది 3 సెంటీమీటర్లే, ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు, మనిషి లేచి తిరుగుతున్నారు అంటే ఆపరేషన్ గురించి గట్టిగా ఆలోచించాల్సిన మనిషి మీ నాన్నగారు. వదిలేయడం గురించి మాట్లాడాల్సిన సమయం ఇది కాదు, ఈ మాట పెదనాన్నగారికి నేను చెప్పానని చెప్పండి.

కత్తి తగిలితే పాకుతుందన్న భయం గురించి కూడా ఆయనకి కాస్త ఓపిగ్గా చెప్పాలి. లివర్‌కి పాకినది మొదటి ఆపరేషన్ వల్ల కాదు. చాలామందిలో కణాలు గడ్డ బయటపడక ముందే రక్తంలో వెళ్లిపోయి ఉంటాయి, స్కాన్‌లో కనబడేంత పెరగడానికి నెలలు పడుతుంది, ఆ నెలలు ఆపరేషన్ తర్వాత రావడంతో ఆపరేషనే కారణం అనిపిస్తుంది. ఆ భయంలో కొంచెం నిజం లేకపోలేదు, అది ఎక్కడుందంటే గడ్డని మధ్యలో చీల్చడంలోనూ, సూదితో గుచ్చడంలోనూ. అందుకే సర్జన్ గడ్డని తాకకుండా చుట్టూ ఆరోగ్యంగా ఉన్న లివర్‌ని కొంత కలుపుకుని కోస్తారు, కీహోల్‌లో అయితే తీసిన ముక్కని లోపలే ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి బయటికి లాగుతారు. అందుకే ఎవరైనా ముందు లివర్ నుంచి సూదితో ముక్క తీసి బయాప్సీ చేద్దాం అంటే, ఎందుకు అని ఒకసారి అడగండి. సీఈఏ పెరిగి, స్కాన్‌లో స్పష్టంగా తెలుస్తూ, ఎలాగూ తీసేయబోయే మచ్చకి బయాప్సీ సాధారణంగా అక్కర్లేదు, సూది వెళ్లిన దారిలో కణాలు మిగిలే ప్రమాదం కొంత ఉంటుంది.

ఇక మీ ప్రశ్న. ఇద్దరు సర్జన్లు రెండు రకాలుగా చెప్పారంటే ఒకరు తప్పు అని కాదు. ముందు ఇద్దరినీ ఒకే మాట అడగండి: మూడూ పూర్తిగా పోతాయా, పోయాక మిగిలే లివర్ సరిపోతుందా? పొట్ట మీద కోత ఎంత అన్నది దీని తర్వాతి సంగతి. ఆరోగ్యంగా ఉన్న లివర్ అయితే ఐదో వంతు మిగిలినా మనిషి తట్టుకుంటాడు, మిగిలినది కొన్ని వారాల్లో పెరిగి దాదాపు పాత పరిమాణానికి వస్తుంది, మన శరీరంలో ఇలా పెరిగే అవయవం ఇంకోటి లేదు. కానీ ఆర్నెల్లు కీమో తీసుకున్న లివర్ కొంత అలిసిపోయి ఉంటుంది. అరికాళ్లకి తిమ్మిరి తెచ్చిన మందు ఆక్సాలిప్లాటిన్ అయి ఉండాలి, అది లివర్ లోపలి సన్నటి రక్తనాళాలని కూడా దెబ్బతీస్తుంది. అందుకే కీమో అయినవాళ్లలో కనీసం 30 శాతం మిగిలేలా చూస్తారు. మూడు చిన్న మచ్చలకి సగం లివర్ తీసేయాల్సిన పని చాలాసార్లు ఉండదు, ఒక్కొక్క మచ్చ చుట్టూ కొద్దిగా మాత్రమే తీసి మిగతాదంతా కాపాడే పద్ధతి ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నారు. ఒకప్పుడు గడ్డ చుట్టూ సెంటీమీటరు ఆరోగ్యమైన భాగం రావాలనేవాళ్లు, ఇప్పుడు 1 మిల్లీమీటరు వచ్చినా సరిపోతుందని ఒప్పుకుంటున్నారు. ఎంత మిగిలితే అంత మంచిది, ఎందుకో తర్వాత చెబుతాను.

ఇప్పుడు కీహోల్‌లో ఏదైనా మిగిలిపోతుందా అన్న భయం. దీనికి ఊహలతో కాకుండా లెక్కలతోనే జవాబు ఉంది. నార్వేలోని ఓస్లో యూనివర్సిటీ ఆసుపత్రిలో 2012 నుంచి 2016 వరకు, సరిగ్గా మీ నాన్నగారి లాంటి 280 మందిని, అంటే పెద్దపేగు నుంచి లివర్‌కి వచ్చిన మచ్చలున్నవాళ్లని, చీటీ తీసినట్టుగా రెండు గుంపులు చేసి ఒక గుంపుకి కీహోల్‌లో, ఇంకో గుంపుకి పొట్ట తెరిచి చేశారు. కీహోల్ గుంపులో నూటికి 19 మందికి ఏదో ఒక కాంప్లికేషన్ వచ్చింది, తెరిచిన గుంపులో 31 మందికి. ఆసుపత్రిలో ఉన్న సమయం కీహోల్ వాళ్లకి 53 గంటలు, తెరిచినవాళ్లకి 96 గంటలు. మరి అసలు సంగతి, క్యాన్సర్? ఐదేళ్ల తర్వాత చూస్తే కీహోల్ గుంపులో నూటికి 54 మంది, తెరిచిన గుంపులో 55 మంది బతికి ఉన్నారు. అంటే తేడా లేనట్టే. ఎక్కువ కాలం బతకడం విషయంలో కీహోల్‌దీ పైచేయి కాదు, పెద్ద కోతదీ కాదు. కీహోల్‌తో కోలుకోవడం తేలికవుతుంది, క్యాన్సర్ విషయంలో నష్టం లేదు.

అయితే ఆ లెక్కల్ని మీ ఊళ్లోని ప్రతి సర్జన్‌కీ అంటించేయకండి. అక్కడ చేసినవాళ్లు ఏళ్ల తరబడి కీహోల్‌లో లివర్ ఆపరేషన్లు చేసి చేయి తిరిగినవాళ్లు, చేసినవి కూడా చాలావరకు చిన్న ముక్కలు తీసే ఆపరేషన్లు. గాల్‌బ్లాడర్, అపెండిక్స్ కీహోల్‌లో బాగా చేసే సర్జన్‌కి లివర్ కూడా అలాగే వస్తుందనుకుంటే పొరపాటు. అది రక్తంతో నిండిన స్పాంజి లాంటిది, కోసే కొద్దీ లోపల దారులు, ఆ దారులన్నిట్లో రక్తమో పైత్యరసమో. అందుకని కీహోల్ అన్న సర్జన్‌ని మొహమాటం లేకుండా అడగండి: లివర్ ఆపరేషన్లు ఏడాదికి ఎన్ని చేస్తారు, వాటిలో కీహోల్ ఎన్ని, ఎన్నిసార్లు మధ్యలో పొట్ట తెరవాల్సి వచ్చింది అని. చేయి తిరిగినవాళ్లు ఈ ప్రశ్నకి నొచ్చుకోరు. నొచ్చుకుంటే అదీ ఒక జవాబే. అలాగే పొట్ట తెరిచే చేస్తానన్న సర్జన్ పాతకాలపు మనిషని తీసిపారేయకండి, నా చేతికి అలా చేస్తేనే భద్రం అని ఒక సర్జన్ చెబుతున్నారంటే అది నిజాయితీ, ఆయన చేతిలో పెద్ద కోతే మీ నాన్నగారికి మంచిది కావచ్చు.

రెండోది, మచ్చలు ఎక్కడున్నాయి. మీ ఉత్తరంలో సైజు రాశారు కానీ చోటు రాయలేదు, నాకు కావాల్సింది అదే. లివర్‌ని ఎనిమిది భాగాలుగా లెక్కపెడతారు, స్కాన్ రిపోర్టులో సెగ్మెంట్ అని పక్కన అంకె ఉంటుంది చూడండి. 2, 3, 5, 6 అని ఉంటే ముందువైపు, అంచుల్లో ఉన్నట్టు, కీహోల్ పరికరాలు తేలిగ్గా చేరతాయి. 7, 8, 1 అని ఉంటే పైన, వెనక, డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండర పొర) కింద, లేదా పెద్ద సిరల పక్కన ఉన్నట్టు. అక్కడికి నిటారుగా ఉన్న పరికరాలతో చేరడం కష్టం, చేసేవాళ్లు ఉన్నారు కానీ చాలా తక్కువమంది. ఇద్దరు సర్జన్లకి అభిప్రాయభేదం ఎక్కడ వచ్చిందో బహుశా ఈ అంకెల్లోనే దొరుకుతుంది.

చిన్న రంధ్రాల్లోంచి చేస్తే మిగిలిపోవచ్చు అన్న సర్జన్ మాటకి ఒక ఆధారం ఉంది. పొట్ట తెరిస్తే లివర్‌ని రెండు చేతులతో పట్టుకుని తడిమి చూడొచ్చు, స్కాన్‌లో రాని బఠాణీ గింజంత గడ్డ వేలికి తగలొచ్చు. కీహోల్‌లో ఆ వేళ్లు ఉండవు. వాటి బదులు రంధ్రంలోంచి ఒక చిన్న అల్ట్రాసౌండ్ పరికరాన్ని లోపలికి పంపి, లివర్ మీదే ఆనించి, ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూస్తారు, మచ్చ ఎక్కడుంది, ఏ నాళానికి ఎంత దూరంలో ఉంది, కొత్తది ఏదైనా ఉందా అని. కాబట్టి ఆపరేషన్ మధ్యలో లివర్ మీద అల్ట్రాసౌండ్ చేస్తారా అని తప్పకుండా అడగండి. చేయం, స్కాన్ ఉంది కదా అంటే అక్కడ కీహోల్ వద్దు. నిజానికి తెరిచి చేసినా అది ఉండాల్సిందే.

దానికన్నా ముందు ఒక ఎంఆర్ఐ. సీటీ ఒక్కటే చూసి లివర్ ఆపరేషన్‌కి వెళ్లడం నాకు నచ్చదు. లివర్ కణాలు మాత్రమే పీల్చుకునే ప్రత్యేకమైన కాంట్రాస్ట్ మందుతో చేసే ఎంఆర్ఐలో సీటీకి అందని చిన్న మచ్చలు బయటపడతాయి, కీమో తర్వాత కొవ్వు పట్టిన లివర్‌లో అయితే మరీను. మూడనుకున్నవి ఐదు కావచ్చు, లేదా మూడులో ఒకటి ఉత్త నీటి బుడగ కావచ్చు. రెండు సందర్భాల్లోనూ ప్లాన్ మారిపోతుంది.

కీహోల్ అంటే నిజంగా ఏం జరుగుతుందో మీకు తెలిస్తే భయం కొంత తగ్గుతుంది. నాలుగైదు రంధ్రాలు, ఒక్కోటి అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు పైచిలుకు. కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌తో పొట్టని ఉబ్బిస్తారు, చోటు కోసం. ఆ గ్యాస్ ఒత్తిడి వల్ల సిరల్లోంచి కారే రక్తం కూడా తగ్గుతుంది. రక్తం మరీ ఎక్కువగా వస్తుంటే లివర్‌కి వెళ్లే నాళాల గుత్తిని ఒక టేపుతో 15 నిమిషాల పాటు బిగించి, వదిలి, మళ్లీ బిగిస్తారు. ఈ ఉపాయం 1908లో గ్లాస్గోలో ప్రింగిల్ అనే సర్జన్ రాసి పెట్టింది, వందేళ్లు దాటినా ఆ పేరుతోనే పిలుస్తున్నారు. తీసిన ముక్కలు బయటికి రావడానికి పొత్తికడుపు కింద ఒక చిన్న కోత పెడతారు. అదే తెరిచి చేస్తే కుడి పక్కటెముకల కింద జానెడుకి పైగా కోత, కండరాలు తెగుతాయి, ఊపిరి గట్టిగా పీల్చాలంటే నొప్పి, ఊపిరి సరిగ్గా పీల్చకపోతే న్యుమోనియా. కీహోల్‌లో తగ్గేది ప్రధానంగా ఈ బాధ. పాత ఆపరేషన్ పొట్ట తెరిచి చేశారు కాబట్టి మీ నాన్నగారి కడుపులో పేగులు అక్కడక్కడా అతుక్కుని ఉంటాయి, అయినా అది చాలావరకు కింది భాగంలో ఉంటుంది, దానివల్ల కీహోల్ కుదరదని ముందే అనుకోనక్కర్లేదు. లోపలికి వెళ్లాక కుదరక పొట్ట తెరిస్తే ఆపరేషన్ ఫెయిలైందని మీరు బయట కూర్చుని ఏడవకండి. సమయానికి తెరిచే సర్జనే మంచి సర్జన్. ఆ అనుమతి మీద ముందే సంతకం పెట్టించుకుంటారు కూడా.

ఎవరైనా రోబో అంటే, అది కీహోల్‌లోనే ఇంకో రకం. పరికరాలు మణికట్టులా వంగుతాయి కాబట్టి వెనక భాగాల్లో సర్జన్‌కి పని సులువవుతుంది. క్యాన్సర్ ఫలితం మామూలు కీహోల్ కన్నా బాగుంటుందని మాత్రం తేలలేదు. రోబో ఉంది కదా అని ఆసుపత్రి మార్చకండి.

అసలు కోయకుండా చేసే దారి కూడా ఒకటుంది, దాని గురించి ఎవరూ చెప్పినట్టు లేదు. 3 సెంటీమీటర్లు, అంతకన్నా తక్కువ ఉన్న మచ్చల్లోకి సన్నటి సూది పంపి మైక్రోవేవ్ వేడితో మాడ్చేస్తారు, అబ్లేషన్ అంటారు. నెదర్లాండ్స్‌లో మొదలైన కొలిజన్ అనే అధ్యయనంలో ఇలాంటి చిన్న మచ్చలకి ఆపరేషన్‌తో దీన్ని పోల్చి చూస్తే, బతకడంలో ఆపరేషన్ కన్నా తీసిపోలేదు, కాంప్లికేషన్లు తక్కువ. 2024లో ఆ ఫలితాలు బయటికి వచ్చాయి. ఇందాక సూది గురించి జాగ్రత్త అన్నానుగా, ఇది ఆ సూది కాదు, బయటికి వస్తూ ఆ దారిని కూడా కాలుస్తూ వస్తారు. పెద్ద రక్తనాళం పక్కనున్న మచ్చకి ఇది అంత బాగా పనిచేయదు, పారే రక్తం వేడిని లాగేసుకుంటుంది. పైనున్న రెండు మచ్చలు కీహోల్‌లో కోసేసి, లోతుగా ఉన్న చిన్నదాన్ని అదే పూట మాడ్చేయడం కూడా చేస్తుంటారు. మీ నాన్నగారి పెద్ద మచ్చ సరిగ్గా హద్దు మీద ఉంది కాబట్టి ఈ ప్రశ్న అడిగి తీరాలి.

ఇవన్నీ ఒక్క సర్జన్‌తో తేలేవి కావు. లివర్ సర్జన్, కీమో ఇచ్చే ఆంకాలజిస్ట్, స్కాన్లు చదివే రేడియాలజిస్ట్ ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని స్కాన్ చూడాలి, ట్యూమర్ బోర్డు అంటారు దాన్ని. ఆపరేషన్‌కి ముందు మళ్లీ కొన్ని కీమోలు ఇవ్వాలా, నేరుగా వెళ్లాలా అన్నది కూడా అక్కడే తేలాలి. పోయినేడాది కీమో అయ్యాక ఇంత త్వరగా తిరగబెట్టింది కాబట్టి ముందు వేరే మందుతో జబ్బు తీరు ఎలా ఉందో చూద్దాం అనేవాళ్లు ఉంటారు, తీయగలిగేవే కదా ముందు తీసేద్దాం అనేవాళ్లూ ఉంటారు. రెండింటికీ కారణాలున్నాయి. తిమ్మిరి ఇంకా పోలేదని మాత్రం మర్చిపోకుండా చెప్పండి, అదే మందు మళ్లీ ఇస్తే చొక్కా బొత్తాలు పెట్టుకోవడం కూడా కష్టమయ్యే స్థితి రావచ్చు. పాత గడ్డ ముక్క మీద రాస్, బీరాఫ్, ఎంఎస్ఐ అనే జన్యు పరీక్షలు చేశారో లేదో కనుక్కోండి, మందు ఎంపిక వాటి మీదే ఉంటుంది. కీమోకి మచ్చ స్కాన్‌లో మాయమైతే సంతోషించి ఆపరేషన్ మానేయకండి, కనబడకుండా పోయినవాటిలో చాలావాటిలో కణాలు బతికే ఉంటాయి.

కోలుకోవడం గురించి ఒక మాట, ఇది ఎవరూ ముందుగా చెప్పరు. బయట గాట్లు చిన్నవని లోపలి ఆపరేషన్ చిన్నది కాదు. రెండు మూడు వారాల్లో కుట్లు మానిపోయి నడుస్తూ ఉంటారు, అయినా మధ్యాహ్నం అయ్యేసరికి నీరసం కమ్మేస్తుంది, అన్నం సహించదు, లివర్ పెరగడానికి శరీరం అంతా కష్టపడుతోంది మరి. బద్ధకం అనుకుని ఎవరూ ఆయన్ని కసురుకోకండి. మొదటి రెండు మూడు రోజులు భుజం నొప్పి వస్తే గ్యాస్ వల్ల, భయం లేదు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా నాలుగు వారాల దాకా ఇంజెక్షన్లు ఇవ్వొచ్చు, మానేయకండి. జ్వరం, కళ్లు పచ్చబడటం, పొట్ట ఉబ్బడం, డ్రెయిన్ గొట్టంలో పచ్చటి ద్రవం, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టడం, వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఇందాక ఎంత లివర్ మిగిలితే అంత మంచిదన్నాను. దాచకుండా చెప్పాలంటే, ఈ ఆపరేషన్ అయినవాళ్లలో సగానికి పైగా మందికి మళ్లీ ఎక్కడో ఒకచోట వస్తుంది, ఎక్కువగా మొదటి రెండేళ్లలో. మళ్లీ లివర్‌లోనే వస్తే మళ్లీ తీయొచ్చు, రెండోసారి తీసినా ఫలితం మొదటిసారికి దగ్గరగానే ఉంటుంది, కానీ అందుకు లివర్ మిగిలి ఉండాలి, లోపల అతుకులు తక్కువ ఉండాలి. కీహోల్ మీద నాకున్న మొగ్గుకి పెద్ద కారణం ఇదే. అందుకే మూడు నెలలకోసారి సీఈఏ, మూడు నుంచి ఆరు నెలలకోసారి స్కాన్ అంటే విసుక్కోకండి.

నాన్నగారికి చెప్పలేదన్నారు. అమ్మా, ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది. ఇన్‌ఫెక్షన్‌కి లివర్ ముక్కలు ఎవరూ కోయరు, ఒకసారి క్యాన్సర్ ఆపరేషన్ అయి కీమో బెడ్ మీద ఆర్నెల్లు గడిపిన మనిషికి సీఈఏ అంటే ఏమిటో తెలుసు. ఆయనకి బహుశా అనుమానం వచ్చే ఉంటుంది, మీరు బాధపడతారని ఆయన అడగట్లేదు, ఆయన బాధపడతారని మీరు చెప్పట్లేదు. అలా దాచిన ఇళ్లలో, వార్డులో ఎవరో పక్క బెడ్ వాళ్లతో మాట్లాడుతుంటే విని తెలుసుకున్నవాళ్లని నేను చూశాను, జబ్బు కన్నా ఆ క్షణం వాళ్లని ఎక్కువ కుంగదీసింది. అదీకాక రేపు సంతకం పెట్టాల్సింది ఆయన, ఆపరేషన్‌కి ముందు రోజూ నడవాల్సింది, ఊపిరి వ్యాయామం చేయాల్సింది, సిగరెట్ అలవాటుంటే ఇవాళే మానాల్సింది ఆయన. ఎందుకో తెలియకుండా ఇవన్నీ ఎలా చేస్తారు? "నాన్నా, పేగులోదే లివర్‌కి వచ్చింది, మూడు చోట్ల ఉంది, తీయొచ్చంటున్నారు" అని చెప్పండి. అంతకన్నా ఎక్కువ ఆ పూటకి అక్కర్లేదు, మిగతాది ఆయన అడిగిన కొద్దీ చెప్పండి. పెదనాన్నగారిని కూడా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి ఎదురుగా కూర్చోబెట్టండి, ఆయన భయాన్ని నేరుగా డాక్టర్నే అడగనివ్వండి.

రిపోర్టు కాగితాలు మాత్రమే కాకుండా స్కాన్ సీడీలు కూడా తీసుకెళ్లండి, సర్జన్ బొమ్మలు తన కళ్లతో చూడాలి. ఎంఆర్ఐ అయ్యాక మచ్చలు ఏ సెగ్మెంట్లలో ఉన్నాయో, ఇద్దరు సర్జన్లు ఏ జవాబులిచ్చారో నాకు రాయండి. అప్పుడు ఇంకొంచెం గట్టిగా చెప్పగలను.